తొంభై తొమ్మిదిన్నర

మే 4

అగ్ని నక్షత్రం మొదలైంది. పొద్దున ఎనిమిదికే ఆసుపత్రి మెట్ల మీద చెప్పుల్లేకుండా కాలు పెట్టలేకపోతున్నాం.

మూడో మంచం మీద నగరి పక్కనుంచి వచ్చిన మగ్గం పెద్దాయన. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. రెండు ఊళ్లు తిరిగి మా దగ్గరికి చేరేసరికి ఏడు గంటలు దాటింది. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు వేళ మించిపోయింది. నిన్న సాయంత్రం నుంచి నూటొకటి జ్వరం. నేను హ్యాండోవర్ తీసుకుంటుంటే ఆయన కొడుకు దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగాడు: "అక్కా, ఫోన్లో చూసినా. పక్షవాతం వచ్చినోళ్లకు మెదడును చల్లగా చేస్తే, చచ్చిపోబొయ్యే భాగం బతుకుతాదంట గదా. మా నాయనకు ఐసు పెట్టరాదా? ఎంతైనా సరే, తెచ్చి కడతా."

రౌండ్లో డాక్టరుగారు అతనికి చెప్పారు, స్ట్రోక్‌కు ఆ చికిత్స మనం చేయడం లేదని. నిజమే. అయితే అంతటితో ఆ పిల్లవాడి ప్రశ్న తీరలేదు. ఎందుకు చేయడం లేదు? డబ్బు లేకనా, యంత్రం లేకనా, లేక ఆ చికిత్సే ఇంకా నిలదొక్కుకోలేదా? మగ్గం అమ్మడానికైనా సిద్ధపడ్డ మనిషికి ఈ మూడింటికీ చాలా తేడా ఉంది. పెద్ద ఊరికి తీసుకుపోయి ఉంటే మా నాయన బాగుపడేవాడేమో అన్న దిగులు అతనికి జన్మంతా మిగలకూడదు. చదివి, అతనికి అర్థమయ్యేటట్టు చెప్పాలి. అందుకే ఈ నెల రాతలన్నీ ఈ ఒక్క సంగతి మీదే.

మే 5

మొదట, చల్లబరిస్తే మేలు జరుగుతుందని ఎవరికైనా ఎందుకు తోచింది?

మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతం. వాడుకునే ప్రాణవాయువు మాత్రం 20 శాతం దాకా. రేపటికని దాచుకునే ఏర్పాటు దానికి లేదు. రక్తనాళం మూసుకుపోతే మధ్యభాగం నిమిషాల్లోనే చనిపోతుంది. దాని చుట్టూ ఇంకో వలయం ఉంటుంది. పక్క నాళాల నుంచి కొద్దికొద్దిగా రక్తం అందుతూ, పని మానేసి, ప్రాణం మాత్రం పట్టుకుని ఉండే కణాలు అవి. పెనంబ్రా అంటారు. మేం పడే పాటంతా ఆ వలయం కోసమే. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి 19 లక్షల నాడీకణాలు పోతాయని 2006లో జెఫ్రీ సేవర్ అనే అమెరికన్ న్యూరాలజిస్టు లెక్క కట్టాడు. ఆ అంకె చదివిన రోజు నుంచి నాకు గడియారం వైపు చూడటమే మారిపోయింది.

నూనె అడుగంటిన దీపానికి వత్తి తగ్గిస్తే ఇంకొంతసేపు వెలుగుతుంది. చల్లదనం మెదడుకు చేసేది అదే. ఒక్క సెల్సియస్ డిగ్రీ తగ్గితే మెదడు ఖర్చు 6, 7 శాతం తగ్గుతుంది. ఇంకా ఉంది. ఆకలితో ఉన్న కణాలు గ్లూటమేట్‌ను వెదజల్లుతాయి. దానితో పక్క కణాల్లోకి కాల్షియం వరదలా వచ్చి వాటినీ చంపుతుంది. తర్వాత వాపు, మంట, రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న కాపుదల దెబ్బతినడం. చల్లదనం ఈ గొలుసులో ఒక్క లంకెను కాదు, దాదాపు అన్నింటినీ నెమ్మదింపజేస్తుంది. ఇన్ని చోట్ల ఒకేసారి పనిచేసే మందు ఇంతవరకు దొరకలేదు.

1987లో మయామీలో బుస్టో, గిన్స్‌బర్గ్ బృందం ఎలుకల మీద చూపించింది: మెదడుకు రక్తం ఆగిన ఆ కొద్దిసేపట్లో రెండు మూడు డిగ్రీల తేడా ఉన్నా చాలు, చనిపోయే కణాల లెక్క తారుమారవుతుంది. అంతవరకు వెచ్చదనాన్ని ఎవరూ అంతగా లెక్కలోకి తీసుకోలేదు. 2007లో వాన్ డెర్ వోర్ప్ బృందం అప్పటిదాకా జంతువుల మీద జరిగిన స్ట్రోక్ ప్రయోగాలన్నీ పోగుచేసి చూస్తే, చల్లబరిచినప్పుడు మెదడులో దెబ్బతిన్న భాగం సగటున 44 శాతం తగ్గింది.

ఆ కొడుకు ఫోన్లో చూసింది అబద్ధం కాదు. ఎలుకల విషయంలో అది నిజం.

మే 7

రాత్రి డ్యూటీ. రెండు గంటలకు కాస్త తెరిపి దొరికింది.

మనుషుల్ని చల్లబరచడం కొత్త ఆలోచనేం కాదు. ఫిలడెల్ఫియాలో టెంపుల్ ఫే అనే న్యూరోసర్జన్ 1938 ప్రాంతంలో కేన్సర్ రోగులను, తర్వాత తల దెబ్బలు తగిలినవారిని మంచుతో చల్లబరిచి చూశాడు. టొరంటోలో బిగెలో అనే సర్జన్ ఒంటిని చల్లబరిస్తే గుండెను కొద్ది నిమిషాలు ఆపవచ్చునని కుక్కల మీద చూపించాడు. 1952 సెప్టెంబరులో మిన్నెసోటాలో జాన్ లూయిస్ ఒక చిన్నపిల్లను అట్లా చల్లబరిచే గుండె తెరిచి రంధ్రం మూశాడు. ఈ రోజు తిరుపతిలో స్విమ్స్ వంటి చోట్ల గుండె ఆపరేషన్ జరిగేటప్పుడు, హార్ట్ లంగ్ మిషన్ మీద రక్తాన్ని అవసరాన్ని బట్టి చల్లబరచడం, మళ్లీ వెచ్చబరచడం మామూలు పని. మత్తులో ఉన్న మనిషి, ఊపిరి యంత్రం చూసుకుంటుంది, చల్లదనం దెబ్బకు ముందే మొదలవుతుంది. అక్కడ అది నిలబడటానికి కారణాలు ఈ మూడే.

గుండె ఆగి, మళ్లీ కొట్టుకున్నవారి కథ వేరు. 2002లో ఒకే నెలలో యూరప్ నుంచి ఒకటి, ఆస్ట్రేలియా నుంచి ఒకటి, రెండు ముఖ్యమైన అధ్యయనాలు వచ్చాయి. 32 నుంచి 34 డిగ్రీల మధ్య చల్లబరిస్తే మెదడు బాగా కోలుకుంటోందని. యూరప్ అధ్యయనంలో చల్లబరిచినవారిలో 55 శాతం, మిగతావారిలో 39 శాతం మంచిగా కోలుకున్నారు. ఐసీయూలన్నీ ఆ దారి పట్టాయి. 2013లో 33 డిగ్రీలకూ 36 డిగ్రీలకూ తేడా కనిపించలేదు. 2021లో 1,900 మందితో ఇంకోటి: 33కు దించడం ఒకవైపు, ఊరికే జ్వరం రానీయకుండా కాచుకోవడం ఇంకోవైపు. ఆరు నెలల తర్వాత మొదటివైపు 50 శాతం, రెండోవైపు 48 శాతం చనిపోయారు. అంటే తేడా లేదు.

ఆ రెండో వరుసను మళ్లీ చదివాను. "జ్వరం రానీయకుండా కాచుకోవడం." వాళ్లు చల్లదనాన్ని పోల్చింది ఏమీ చేయకుండా వదిలేయడంతో కాదు. కాపలాతో.

మే 9

ఇక అసలు విషయం, స్ట్రోక్.

ఇక్కడ రోగి మెలకువగా ఉంటాడు. అదే పెద్ద చిక్కు. ఒళ్లు 35.5 డిగ్రీల దగ్గరికి దిగగానే వణుకు పుడుతుంది. వణుకంటే కండరాలు నిప్పు రాజేయడమే. ప్రాణవాయువు ఖర్చు పెరిగిపోతుంది, ఏది తగ్గించాలనుకున్నామో అదే ఎక్కువవుతుంది. వణుకు ఆపడానికి పెథిడిన్ ఇవ్వాలి, చర్మం మీద వెచ్చటి దుప్పటి కప్పాలి. పెథిడిన్‌తో మగత వస్తుంది. మగతలో దగ్గు తగ్గుతుంది, గుటక సరిగా పడదు, ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది.

అమెరికాలో 58 మంది రోగులతో చేసిన ఐక్టస్-ఎల్ అధ్యయనం 2010లో అచ్చయింది. తొడ నాళంలోంచి గొట్టం పంపి లోపలినుంచి చల్లబరిచిన 28 మందిలో 14 మందికి న్యుమోనియా వచ్చింది. చల్లబరచని 30 మందిలో ముగ్గురికి. వార్డులో పనిచేసేవాళ్లకు ఈ అంకెలు గుండెల్లో గుచ్చుకుంటాయి. స్ట్రోక్ తట్టుకుని బయటపడ్డ మనిషిని వారం తర్వాత న్యుమోనియా తీసుకుపోవడం మేం కళ్లారా చూసినవాళ్లం.

యూరప్ వాళ్లు యూరోహిప్-1 అని మొదలుపెట్టారు. 1,500 మందిని చేర్చాలని అనుకున్నారు, 98 మంది దగ్గర ఆపేశారు. ఆరు గంటల్లోపు చల్లబరచడం మొదలుపెట్టి, 34, 35 డిగ్రీల మధ్య 24 గంటలు ఉంచాలన్నది వాళ్ల నియమం. చల్లబరచాల్సిన వాళ్లలో మూడో వంతు మందిలో కూడా అనుకున్న డిగ్రీ అందుకోలేకపోయారు. అన్ని హంగులూ ఉన్న ఆసుపత్రుల్లోనే ఈ గతి. అంతమందితో మేలు జరిగిందో కీడు జరిగిందో తేలలేదు.

ఆలోచన తప్పని ఇప్పటికీ ఎవరూ రుజువు చేయలేదు. మెలకువగా ఉన్న ముసలి ఒంటిని మొత్తంగా చల్లబరచడం దగ్గరే అది చిక్కుకుపోయింది.

మే 11

గంగమ్మ జాతర వారం. తాతయ్యగుంట వైపు రోడ్లన్నీ కట్టేశారు. అంబులెన్సులు బైపాస్ మీదుగా చుట్టూ తిరిగి వస్తున్నాయి. అమ్మవారి చల్లని చూపు కోసం ఊరంతా అంబలి కాచి పోస్తోంది.

మధ్యాహ్నం చంద్రగిరి వైపునుంచి ఒక అవ్వను తెచ్చారు. ఎడమవైపు పడిపోయింది. పొద్దున పొయ్యి దగ్గర కూలబడితే, ఎండదెబ్బ అనుకుని కోడలు మజ్జిగ తాగించింది. తలకు ఆముదం పట్టించింది, తడిగుడ్డ వేసింది. మన సీమలో ఎవరికి ఏమొచ్చినా ఇవే ముందు చేసేవి. వేడి చేసిందంటే చలువ చేయాలి. ఆ కోడలు చేసిన ప్రతి పనిలోనూ ప్రేమ ఉంది. అత్తను ఒడిలో పెట్టుకునే ఆటోలో తెచ్చింది.

మజ్జిగ ఒక్కటే ప్రమాదం. పక్షవాతం వచ్చినప్పుడు గొంతు కండరాలూ పట్టు తప్పుతాయి. మింగినట్టే కనిపిస్తుంది గానీ, సగం ఊపిరిగొట్టంలోకి పోతుంది. కొందరికి దగ్గు కూడా రాదు కాబట్టి బయటికి తెలియదు. మర్నాడు జ్వరం, మూడోనాడు గురక లాంటి ఊపిరి. మేం జ్వరం చార్టులో చూసే నూటొకటి చాలాసార్లు ఇట్లా ఒక గ్లాసు నీళ్లతోనో, కాఫీతోనో మొదలైందే.

అవ్వకు గుటక పరీక్ష చేశాం. కూర్చోబెట్టి, ముందు ఒక స్పూను నీళ్లు. గొంతు గరగరలాడింది, స్వరం తడిగా మారింది. ఆపేశాం. ముక్కు గుండా రైల్స్ ట్యూబ్ వేశాం. కోడలికి చెప్పాను: "రెండు రోజులు ఏమీ నోట్లో పెట్టొద్దమ్మా. రాగిజావ ఈ గొట్టంలోనే పోస్తాం. నువ్వు చేసిన జావే తెచ్చియ్యి." ఆ చివరి మాటకు ఆమె ముఖం తేటపడింది.

మే 13

ఈ రోజు రాసేది నాకు అన్నింటికన్నా ముఖ్యం.

1996లో కోపెన్‌హాగన్‌లో రైత్, యోర్గెన్సెన్ బృందం 390 మంది స్ట్రోక్ రోగులను చేరినప్పుడే ఉష్ణోగ్రత చూసి, తర్వాత ఏమయ్యారో గమనించింది. ఒక్క డిగ్రీ సెల్సియస్ ఎక్కువ ఉంటే చెడు జరిగే ముప్పు రెండింతలకు పైగా. ఒంటి వేడికీ మెదడు నష్టానికీ ఉన్న ముడి అట్లా మనుషుల్లోనూ తెలిసింది.

ఆ తర్వాతిది ఆస్ట్రేలియాలో జరిగింది. న్యూ సౌత్ వేల్స్‌లో 19 స్ట్రోక్ యూనిట్లు. నడిపింది శాండీ మిడిల్టన్, ఒక నర్సింగ్ ప్రొఫెసర్. కొత్త మందు లేదు, యంత్రం లేదు. మూడు పనులు మాత్రం వదలకుండా చేయాలి, మొదటి 72 గంటలు. నాలుగు గంటలకోసారి ఉష్ణోగ్రత చూసి, 37.5 సెల్సియస్ తాకితే పారాసిటమాల్. వేలి పోటుతో షుగర్ చూసి, పెరిగితే ఇన్సులిన్. గుటక పరీక్ష అయ్యేవరకు నోటికి ఏమీ పెట్టకపోవడం. జ్వరం, చక్కెర, గుటక.

2011లో లాన్సెట్‌లో ఫలితం వచ్చింది. మూడు నెలల తర్వాత చనిపోయినవాళ్లు, ఇంకొకరి మీద ఆధారపడి బతుకుతున్నవాళ్లు కలిపి, ఈ మూడు పనులూ ఏర్పాటు చేసిన యూనిట్లలో 42 శాతం. మామూలుగా నడిచిన యూనిట్లలో 58 శాతం. పదహారు శాతం తేడా! గడ్డ కరిగించే ఇంజెక్షన్ వేళకు అందే వాళ్లు కొందరే. ఈ మూడు పనులు మంచం మీద ఉన్న ప్రతి ఒక్కరికీ అందుతాయి.

మన దగ్గర ఎక్కువగా ఫారెన్‌హీట్‌లోనే రాస్తాం. 37.5 అంటే తొంభై తొమ్మిదిన్నర. మన ఇళ్లల్లో దాన్ని జ్వరమనే అనరు. "ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది, అంతే" అంటారు. నూరు దాటితేగాని లేచి చూసే అలవాటు లేదు. చాలా వార్డుల్లోనూ అంతే. స్ట్రోక్ వచ్చిన మెదడుకు ఆ "కాస్త వెచ్చన" ఖరీదైనది. ఒళ్లు వెచ్చబడితే మెదడు ఖర్చు పెరుగుతుంది. ఖర్చు పెట్టడానికి ఏమీ మిగలని వలయం మీద ఆ భారం పడుతుంది.

మే 15

మగ్గం పెద్దాయన కొడుకుతో మాట్లాడాను. టీ బంకు దగ్గర బల్ల మీద కూర్చుని, చదివిందంతా చెప్పాను. ఎలుకల సంగతి, వణుకు సంగతి, న్యుమోనియా సంగతి. అతను మధ్యలో ఒక్కటే అడిగాడు: "అంటే మెడ్రాసుకు తోడుకోని పొయ్యుంటే మాత్రం చేసుండరా?" చేయరు, స్ట్రోక్‌కు ఎక్కడా దాన్ని మామూలు చికిత్సగా ఇవ్వడం లేదు, ఇంకా పరీక్షల్లోనే ఉంది అని చెప్పాను. అతని భుజాలు కొద్దిగా దిగాయి. బరువు దిగినట్టు.

తర్వాత చార్టు చూపించాను. నాలుగు గంటలకోసారి వేసిన చుక్కలు. ఏ చుక్క దగ్గర మందు ఇచ్చామో, ఎప్పుడు దిగిందో. మూడు రోజులుగా గీత తొంభై తొమ్మిదిన్నర కింద ఉంది. "ఇదే మనం చేస్తున్న చల్లబరచడం" అన్నాను. ఆ మధ్యాహ్నం నుంచి వేళకు ముందే అతనే వచ్చి గుర్తుచేస్తున్నాడు: "అక్కా, రెండు గంటలైంది."

తడిగుడ్డ గురించి కూడా చెప్పాను. ఐసు నీళ్లు వద్దు, వణుకు పుడుతుంది. మామూలు నీళ్లతో తుడిచి, ఫ్యాను గాలి తగలనిస్తే చాలు. ముందు మందు, తర్వాతే తడి. జ్వరం ఎందుకు వచ్చిందో వెతకడం అన్నింటికన్నా ముఖ్యం: ఊపిరితిత్తులా, మూత్రపు గొట్టమా, చేతి మీద సెలైన్ పెట్టిన చోటా.

మే 17

వేలూరు నుంచి మా అక్క కూతురు ఫోన్ చేసింది. అక్కడ పసిపిల్లల ఐసీయూలో నర్సు. నేను చదువుతున్నది చెప్పగానే, "చిన్నమ్మా, మాకు చల్లబరచడం ఉంది గదా!" అంది.

పుట్టేటప్పుడు ప్రాణవాయువు అందక, ఏడవకుండా పుట్టిన బిడ్డ మెదడు కూడా ఇదే దెబ్బ తింటుంది. అక్కడ మాత్రం చల్లదనం నిలబడింది. ఆరు గంటల్లోపు మొదలుపెట్టి 33.5 డిగ్రీల దగ్గర 72 గంటలు ఉంచి, తర్వాత చాలా నెమ్మదిగా వెచ్చబరచాలి. బ్రిటన్‌లో 2009లో వచ్చిన టోబీ అధ్యయనం తర్వాత సంపన్న దేశాల్లో అదే పద్ధతి. అయితే వాళ్ల యంత్రాలు మనకు అందే ధరలు కావు. వేలూరు సీఎంసీలో డాక్టర్ నిరంజన్ థామస్ బృందం వేరే దారి వెతికింది. ఒక నిర్ణీత వేడి దగ్గర కరుగుతూ, ఆ వేడిని తనలోకి పీల్చుకుని తాను మాత్రం అదే ఉష్ణోగ్రతలో నిలిచే పదార్థాలు ఉన్నాయి. వాటితో బిడ్డ కింద పరుపు చేశారు. కరెంటు పోయినా పని ఆగదు. ప్లస్ అనే కంపెనీతో కలిసి దాన్ని మిరాక్రేడిల్‌గా తెచ్చారు. చిత్తూరు నుంచి గంట ప్రయాణం చేస్తే చేరే చోట ఈ పని జరగడం నాకు గర్వంగా అనిపించింది. మన జిల్లా పల్లెల వాళ్లు తాతల కాలం నుంచి జబ్బు ముదిరితే బస్సెక్కేది వేలూరుకే.

దీని వెనకాలే ఇంకో అంకె కూడా ఉంది. అది కూడా రాసుకోవాలి. హెలిక్స్ అని భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో 408 మంది పసిబిడ్డలతో జరిగింది, 2021లో వచ్చింది. చల్లబరిచిన బిడ్డల్లో 42 శాతం చనిపోయారు, చల్లబరచని వారిలో 31 శాతం. బ్రిటన్‌లో మెదడును కాపాడిన పద్ధతే ఇక్కడ ఆ పని చేయలేదు. ఎందుకన్న దాని మీద డాక్టర్లు ఇంకా వాదించుకుంటున్నారు. దెబ్బ తగిలి ఎంతసేపైంది, తల్లి ఆరోగ్యం ఎట్లా ఉంది, ఇన్ఫెక్షన్ ఉందా, ఇవన్నీ వేరు. ఎక్కడి బిడ్డకు ఎక్కడి చికిత్స అన్నది అక్కడే పరీక్షించి చూడాలి.

అక్క కూతురు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అందుకే చిన్నమ్మా, మేం ఏ బిడ్డను చల్లబరచాలో ముందు చాలా చూస్తాం. ఊరికే మొదలుపెట్టం" అంది. మంచి నర్సవుతుంది. అయ్యింది కూడా.

మే 20

2024లో వచ్చిన ఇంట్రెపిడ్ అధ్యయనం చదివాను. స్ట్రోక్, మెదడులో రక్తస్రావం వచ్చిన 677 మంది. చర్మం మీద ప్యాడ్లు కట్టి, యంత్రంతో జ్వరమే రాకుండా 37 డిగ్రీల దగ్గర రెండు వారాల దాకా నిలబెట్టారు. జ్వరం బాగా తగ్గింది. మూడు నెలల తర్వాత కోలుకోవడంలో మాత్రం తేడా రాలేదు.

మొదట నీరసం వచ్చింది. నేను నమ్ముతున్న దాని కాళ్లు నరికేశారేమో అనిపించింది. మళ్లీ నెమ్మదిగా చూశాను. అక్కడ రెండోవైపు ఉన్నవారిని కూడా గాలికి వదిలేయలేదు. జ్వరం వస్తే మందు ఇచ్చారు. మంచి కాపలా ఉన్న చోట పైనుంచి యంత్రం కలిపితే అదనంగా ఏమీ కలిసిరాలేదు. అసలు కాపలాయే లేని చోట ఏమవుతుందన్నది దీనిలోంచి తెలియదు. మిడిల్టన్ పనిలో ఉన్నది జ్వరం ఒక్కటే కాదు. చక్కెర ఉంది, గుటక ఉంది. మూడూ కలిసే ఆ పదహారు శాతం. ఏది ఎంత తెచ్చిందో విడదీయలేం, విడదీసి ఒకటి వదిలేసే హక్కూ మనకు లేదు.

రాత్రి షిఫ్టుకు ఇద్దరమే ఉన్నప్పుడు నాలుగు గంటల చుక్క తప్పిపోవడం ఎంత సులువో నాకు తెలుసు. అందుకే ఇది నర్సు మంచితనం మీద వదిలేసే పని కాదు. చార్టులోనే ఉండాలి, హ్యాండోవర్‌లో చెప్పుకునే మాటగా ఉండాలి.

మే 23

సెలవు పెట్టి అరగొండకు వెళ్లాను, చుట్టాలింట్లో పెళ్లి. తవణంపల్లె మండలం, చిత్తూరుకు దగ్గరే. అపోలో ప్రతాప్ సి. రెడ్డిగారి సొంత ఊరు. 2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైదరాబాద్‌కు వచ్చినప్పుడు అక్కడినుంచే ఈ పల్లె ఆసుపత్రిలో టెలిమెడిసిన్‌ను ప్రారంభించాడు. పల్లెలో తీసిన సీటీ బొమ్మను పట్నంలో డాక్టరు చూడొచ్చునని మన జిల్లా అప్పుడే చూపించింది. పక్షవాతానికి ఇంతకంటే పనికొచ్చేది ఏముంది? కుప్పం నుంచి తిరుపతికి రెండు వందల కిలోమీటర్లకు దగ్గర. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు ఉన్నది నాలుగున్నర గంటలు. సీటీ, అది చూసే కళ్లు, ఇంజెక్షన్, ఈ మూడూ దగ్గరి ఊళ్లోనే అందితే దారిలో పోయే మెదడు నిలబడుతుంది.

సాయంత్రం అర్ధగిరి కొండెక్కాం. ఆంజనేయస్వామి సంజీవని పర్వతం తీసుకుపోతుంటే సగం ముక్క ఇక్కడ పడిందని నమ్మకం. పుష్కరిణి నీళ్లు సీసాల్లో పట్టుకుని జనం ఎంత దూరాల నుంచైనా వస్తారు, జబ్బు మనుషుల కోసం. నేనూ ఒక సీసా పట్టుకున్నాను.

కోనేటి మెట్ల మీద కూర్చుని ఉంటే పక్కన ఒకాయన, పలమనేరు దగ్గరట, అన్నకు పక్షవాతం వచ్చిందని, నాటుమందుకు తీసుకుపోయే ముందు ఈ తీర్థం తాగించాలని చెప్పాడు. ఎన్నాళ్లైందన్నాను. "నిన్నట్నుంచే" అన్నాడు. చేతులు పట్టుకుని చెప్పాను: "అన్నా, ఇప్పుడే 108కి ఫోన్ చెయ్యి. నాటుమందు తర్వాత చూసుకోవచ్చు, ఈ మూడు రోజులు మళ్లీ రావు. తీర్థం తల మీద చల్లు, కళ్లకద్దు. నోట్లో మాత్రం పొయ్యొద్దు. గుటక పడతాదని డాక్టరు చెప్పినాక తాగిద్దువు." ఆయన అక్కడే నిలబడి ఫోన్ చేశాడు. స్వామి దగ్గర ఆ మాట చెప్పగలిగినందుకు నాకు తృప్తిగా ఉంది. భక్తిని పక్కన పెట్టమని అడగలేదు, కాస్త ఆలస్యంగా తాగించమన్నాను, అంతే.

మే 25

చల్లబరచే ఆలోచన ఆగిపోలేదు. 2015 తర్వాత గొట్టం పంపి గడ్డను బయటికి లాగేసే చికిత్స స్థిరపడింది. ఆ గొట్టం ఎలాగూ మూసుకుపోయిన నాళం దాకా వెళుతుంది కదా, అదే దారిలో 4 డిగ్రీల చల్లటి సెలైన్‌ను నేరుగా దెబ్బతిన్న చోటికి పంపితే? బీజింగ్‌లో 26 మంది రోగులకు చేసి 2016లో రాశారు. అక్కడి మెదడు మాత్రం చల్లబడుతుంది, ఒళ్లు దాదాపు మామూలుగానే ఉంటుంది. కాబట్టి వణుకుండదు, పెథిడిన్ అక్కర్లేదు. చిన్న ప్రయత్నమే, దాంతో ఏదీ తేలదు. అయినా చిక్కు ఎక్కడుందో కనిపెట్టి దాన్ని తప్పించే దారి అది. రేపు పెద్ద అధ్యయనం వస్తే మన రోగులూ అందులో ఉండాలి. పసిపిల్లల విషయంలో నేర్చుకున్నది అదే కదా.

మే 27

పాకాల వైపు ఆశా కార్యకర్తలకు శిక్షణ. నాకు అరగంట ఇచ్చారు. ముఖం వంకర, చెయ్యి జారడం, మాట తడబడటం, వెంటనే 108. ఇవి వాళ్లకు తెలుసు. తెలియనిది ఆ తర్వాతి భాగం. ఒకామె లేచి అడిగింది: "మేడమ్, ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించినాక మాకేం పని?" దానికి నేను రాసి తీసుకుపోయిన కాగితం చదివాను. ఇక్కడ కూడా ఉంచుకుంటున్నాను.

పడిపోయిన మనిషి నోట్లో ఏమీ పోయకూడదు. నీళ్లు, మజ్జిగ, కాఫీ, బీపీ మాత్ర, తీర్థం, ఏదీ. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. మొదట ఎప్పుడు తేడా కనిపించిందో ఆ టైము కాగితం మీద రాసి అంబులెన్సులో పంపాలి. ఆసుపత్రిలో నర్సును అడగాలి: గుటక చూశారా, షుగర్ చూశారా, జ్వరం ఎంతుంది? అడిగితే కోప్పడరు, కోప్పడినా అడగాలి. ఇంటికి వచ్చాక థర్మామీటరు ఉండాలి, తొంభై తొమ్మిదిన్నర తాకితే డాక్టరుకు ఫోన్ చేయాలి. తినిపించేటప్పుడు కూర్చోబెట్టాలి, తిన్నాక అరగంట పడుకోనివ్వకూడదు. దగ్గు వస్తే, గొంతు తడిగా గరగరలాడితే ఆపేయాలి.

ఆమె రాసుకుంటూ తలెత్తి, "ఇంత చిన్న పనులా?" అంది. అవును. ఆస్ట్రేలియాలో వందకు పదహారు మందిని మంచాన పడకుండా, చావకుండా నిలిపినవి ఇలాంటి పనులే. వీటికి చల్లబరచే యంత్రం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. జీవో కోసం ఆగనక్కర్లేదు. వచ్చే వారం మా వార్డులో ప్రతి మంచానికీ విడిగా థర్మామీటరు, తెలుగులో అచ్చేసిన గుటక పరీక్ష కాగితం పెట్టమని సూపరింటెండెంటుగారికి అర్జీ ఇస్తున్నాను. ఒప్పుకునేదాకా అడుగుతూనే ఉంటాను.